నాగలి పట్టిన చేతులకు మరతుపాకి

మిరపకాయలు కల్లాల్లో ఎర్రగా పరుచుకొని ఉన్న రోజులవి. సత్తెనపల్లిలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని చెప్పులు వేసుకుంటుంటే, పక్క పల్లె నుంచి వచ్చిన ఒక రైతు సోదరుడు నన్ను ఆపాడు. నాకు ఎన్నో ఏళ్లుగా తెలిసినవాడే. మూడెకరాల సొంత మెట్ట, మరి కాస్త కౌలు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చిపెట్టినప్పుడు చేసిన అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. పత్తి వేస్తే గులాబీ రంగు పురుగు. కొడుకు ఇంటర్ పూర్తిచేశాడు. అగ్నివీర్‌గా చేరతానని తెల్లవారుజామున లేచి పరుగులు తీస్తున్నాడు.

"మౌల్వీ సాబ్, పంపమంటారా, వద్దంటారా? వాళ్లమ్మ వద్దని ఏడుస్తోంది. మనవాళ్లలో ఇలా పొలం వదిలి పట్టాళానికి పోయినవాళ్లు ఏం బావుకున్నారో మీరు చదివే ఉంటారు. చెప్పండి" అన్నాడు.

పంపమనడానికి గాని, వద్దనడానికి గాని నేనెవరిని? అది ఆ తల్లిదండ్రులు తేల్చుకోవలసిన సంగతి. అయితే ఆయన అడిగిన రెండో ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు ఉంది. వచ్చే జుమాకు చెబుతానన్నాను, చెప్పాను. ఆయనకు చెప్పిన సంగతులనే, ఇంకొన్ని కలిపి, ఇక్కడ రాస్తున్నాను.

ఆ మనిషి పేరు ఖుదాదాద్ ఖాన్. మనదేశపు సైనికులలో విక్టోరియా క్రాస్ పొందిన మొట్టమొదటి వ్యక్తిగా చరిత్రకెక్కినవాడు. మా మదరసాలో తారీఖు పాఠంలో బదర్, ఉహద్ యుద్ధాల గురించి ఎంతో వివరంగా చెప్పారు గాని, ఈపర్ అనే ఊరి పేరు ఎవరూ చెప్పలేదు. తెలుగు బడి పుస్తకాల్లోనూ నాకు కనబడలేదు.

వానాధారపు నేల

ఖుదాదాద్ ఖాన్ 1888 అక్టోబరు 20న అప్పటి పంజాబులోని జీలం జిల్లా, చక్వాల్ తాలూకా, డబ్ అనే పల్లెలో పుట్టాడు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. సేద్యం చేసుకు బతికే సామాన్య కుటుంబం. పంజాబు అనగానే మనకు అయిదు నదులూ, కాలువలూ, పచ్చని గోధుమ చేలూ గుర్తుకొస్తాయి. చక్వాల్ ఆ పంజాబు కాదు. అది పోఠోహార్ పీఠభూమి. వాగులు కోసేసిన మిట్టపల్లాల నేల. అక్కడి సేద్యాన్ని వాళ్లు 'బారానీ' అంటారు. వానకు ఫారసీలో 'బారాన్' అని పేరు. వాన పడితే పంట, లేకుంటే లేదు.

మన పెద్దలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. సాగర్ కుడికాలువ రాకముందు పల్నాడు మెట్ట ఎలా ఉండేదో విన్నవాళ్లే. 1967 ఆగస్టులో సాగర్ నీళ్లు వదిలాక గాని ఈ వైపు పల్లెలకు మాగాణి అనే మాట సొంతం కాలేదు. చక్వాల్ వైపు అలాంటి కాలువ రాలేదు. దానికి బదులు పట్టాళపు ఉద్యోగం వచ్చింది.

అప్పట్లో కాల్బలంలో సిపాయికి నెలకు పదకొండు రూపాయల జీతం. ఇప్పుడు నవ్వొస్తుంది గాని, వాన నమ్మదగినది కాని చోట నెలనెలా చేతికొచ్చే పదకొండు రూపాయలు ఎద్దులను నిలబెట్టేవి, షావుకారు వడ్డీని తీర్చేవి, చెల్లెలి నిఖా జరిపించేవి. అందుకే ఆ ఉప్పుకొండల ప్రాంతపు పల్లెలు బ్రిటిష్ సైన్యానికి మనుషులను పంపే గనులయ్యాయి. చక్వాల్ దగ్గరే దుల్మియాల్ అనే ఊరుంది. ఆ ఒక్క ఊరి నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి నాలుగు వందలకు పైగా మనుషులు వెళ్లారు. అందుకు గుర్తుగా ప్రభుత్వం 1925లో ఆ ఊరికి ఒక ఫిరంగిని బహూకరించింది. అన్ని వందల మందిని పంపిన పల్లెకు ఒక పాత ఫిరంగి! నాకైతే ఒక మంచినీటి చెరువు తవ్వించి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

బ్రిటిష్‌వారు దీనికి వేరే పేరు పెట్టారు. పంజాబీలు, పఠానులు, గూర్ఖాలు పుట్టుకతోనే యుద్ధవీరులట, దక్షిణాదివారు మెతకవారట. మద్రాసు సైన్యానికి అధిపతిగా పనిచేసిన లార్డ్ రాబర్ట్స్ ఈ మాటను బాగా ప్రచారం చేశాడు. కంపెనీ రోజుల్లో ఎన్నో యుద్ధాల్లో పోరాడిన తెలుగువారికి, మన దక్కనీ ముస్లింలకు దాంతో పట్టాళపు తలుపులు చాలావరకు మూసుకుపోయాయి. యుద్ధాలొచ్చి మనుషులు చాలనప్పుడు మళ్లీ తెరుచుకున్నాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అనే పేరు ఊరికే రాలేదు. ప్రకాశం మెట్టలో కూడా తరతరాలుగా కొడుకులను సైన్యానికి పంపుతున్న ముస్లిం కుటుంబాలు గల పల్లెలున్నాయి. వీరత్వం ఒక జాతి రక్తంలో ఉంటుందన్న మాట ఎంత బూటకమో ఇదే చెబుతుంది. చక్వాల్ అయినా ప్రకాశం మెట్ట అయినా, వాన తక్కువైన చోటునుంచే పట్టాళానికి మనుషులు నడిచారు.

నూలుబట్టల్లో చలిదేశానికి

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. మన వైపు దాని చప్పుడు మొదట వినిపించింది మద్రాసులో. సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ మద్రాసు రేవు దగ్గరి చమురు ట్యాంకులను కాల్చి పోయింది. ఆ రోజులకే లాహోర్ డివిజన్ సైనికులు ఓడలెక్కి సముద్రం మీద ఉన్నారు. సెప్టెంబరు చివర ఫ్రాన్సులోని మార్సేల్ రేవులో దిగారు. వారిలో 129వ బలూచీ దళం ఒకటి. పేరుకు బలూచీ గాని, అందులో ఉన్నది ఎక్కువగా పంజాబీ ముస్లింలు, పఠానులు. ఖుదాదాద్ ఖాన్ అందులో సాధారణ సిపాయి, మరతుపాకి జట్టులో పని.

మన పత్తి రైతులు ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. ఆ సైనికుల ఒంటిమీద ఉన్నవి వేసవికి కుట్టిన పలుచని నూలు ఖాకీ బట్టలు. ఉన్నిబట్టలు ఇంకా అందలేదు. ఐరోపా ఉత్తర భాగంలో అక్టోబరు చివర అంటే వాన, మంచు, మోకాలి లోతు బురద. నూలుబట్ట తడిస్తే ఆరదు. మన దగ్గర డిసెంబరు రాత్రుల్లో కల్లం కాపలాకు పోయేవాడు కూడా కంబళి లేకుండా పోడు. అలాంటిది, వేల మైళ్ల నుంచి పిలిపించుకున్న మనుషులను ఆ బట్టలతోనే బెల్జియం కందకాల్లోకి దింపారు.

ఆ కందకాలు కూడా పేరుకే. లోతు లేదు, ముందు ముళ్లకంచె సరిగా లేదు. ఒక దళానికి రెండే మరతుపాకులు. ఎదుట జర్మన్ల సంఖ్యా ఎక్కువే, ఫిరంగులూ ఎక్కువే. వారి గురి ఈపర్ పట్టణం. దాన్ని దాటితే ఇంగ్లాండుకు ఎదురుగా ఉన్న సముద్రపు రేవులు. వాటిని పట్టుకుంటే బ్రిటన్ నుంచి ఫ్రాన్సుకు సైన్యమూ, సరుకులూ రావడం ఆగిపోతుంది.

అక్టోబరు 31

ఈపర్‌కు దక్షిణాన హోల్బెక్ అనే పల్లె. అక్టోబరు 31న జర్మన్లు అక్కడ విరుచుకుపడ్డారు. రెండు మరతుపాకుల్లో ఒకటి ఫిరంగి గుండు తగిలి పనికిరాకుండా పోయింది. జట్టును నడిపిస్తున్న బ్రిటిష్ అధికారి గాయపడ్డాడు. మిగిలిన ఆ ఒక్క తుపాకీ దగ్గర ఖుదాదాద్ ఖాన్, మరి అయిదుగురు.

మరతుపాకి అంటే ఒక్కడు పేల్చేది కాదు. ఒకడు గురిపెడితే, ఒకడు తూటాల పట్టీ అందించాలి. ఒకడు పెట్టెలు మోసుకురావాలి, గొట్టం కాలిపోకుండా నీళ్లు చూసుకునేవాడొకడు. పొలంలో నాట్లు వేసే ముఠా మాదిరిగా అందరి చేతులూ ఒక లయలో నడిస్తేనే అది నడుస్తుంది. ఆ రోజు ఆ ముఠాలో ఒక్కొక్కరే రాలిపోయారు. ఖుదాదాద్ ఖాన్‌కూ గాయాలయ్యాయి. అయినా తుపాకీ వదలలేదు. అయిదుగురూ చనిపోయేవరకు ఆయన పేలుస్తూనే ఉన్నాడని 1914 డిసెంబరు 7న వెలువడిన ప్రభుత్వ ప్రకటన చెబుతోంది.

చివరికి శత్రువులు ఆ చోటును ముంచెత్తారు. ఆయనా చచ్చిపోయాడనుకొని వదిలి ముందుకు సాగారు. చీకటి పడ్డాక ఖుదాదాద్ ఖాన్ గాయాలతో, పాకుతూ తన దళం ఉన్న చోటికి చేరుకున్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు నిండి పదకొండు రోజులు.

ఆ ఆలస్యం బ్రిటిష్‌వారికి కావలసిన సమయాన్ని ఇచ్చింది. అదనపు బలగాలు వచ్చాయి, ఈపర్ నిలిచింది, రేవులు వారి చేతుల్లోనే ఉన్నాయి. ఇదంతా ఒక్క తుపాకీ వల్లనే జరిగిందంటే అతిశయోక్తి అవుతుంది. ఎందరో నిలబడ్డారు. కాని ఆ నిలబడ్డవారిలో బతికి బయటపడి తన పేరు చెప్పుకోగలిగినవాడు ఆయన. ఆ అయిదుగురి ఊళ్లేవో, వారి ఇళ్లలో ఆ ఏడాది పొలం ఎవరు దున్నారో అని నాకు అనిపిస్తూ ఉంటుంది. సమాధి అయినా దొరకని భారత సైనికులు 4,700 మందికి పైగా పేర్లు ఫ్రాన్సులోని నవ్ షాపెల్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి. ఈపర్ ఊరి వాకిట కట్టిన ద్వారం మీద ఇంకొన్ని ఉన్నాయి.

విక్టోరియా క్రాస్ 1856 నుంచి ఉన్నా, భారతీయ సైనికులకు అది ఇవ్వవచ్చునని రాజు ఒప్పుకున్నది 1911లోనే. అంతవరకు తెల్ల సైనికుడి ధైర్యానికి ఒక పతకం, నల్ల సైనికుడి ధైర్యానికి మరో పతకం. ఖుదాదాద్ ఖాన్ అప్పటికి ఇంగ్లాండులో ఆసుపత్రి మంచం మీద ఉన్నందువల్ల పతకం ఆయన చేతికి వచ్చేసరికి ఆలస్యమైంది. డిసెంబరు 5న గఢ్వాలీ సైనికుడు దర్వాన్ సింగ్ నేగీ ఫ్రాన్సులో రాజు చేతుల మీదుగా ముందే అందుకున్నాడు. ఇద్దరిలో ఎవరు మొదటివారు అన్న తగవు ఇప్పటికీ నడుస్తుంది. వారిద్దరూ ఆ తగవు పెట్టుకున్నారని నేనెక్కడా చదవలేదు.

ఎవరి కోసం?

రైతు సోదరుడికి ఇంతవరకు చెప్పాక, పక్కన కూర్చున్న ఒక యువకుడు అడిగాడు: "హజరత్, ఆయన ఎవరి కోసం పోరాడినట్లు? ఇంగ్లీషువాళ్ల కోసమే కదా?"

సరైన ప్రశ్నే. తప్పించుకోకూడదు. హోల్బెక్‌లో ఆ పోరు జరగడానికి రెండు రోజుల ముందు, అక్టోబరు 29న, తుర్కీ నౌకలు రష్యా రేవుల మీద కాల్పులు జరిపాయి. నవంబరు మొదటి వారంలో బ్రిటన్, తుర్కీలు శత్రువులయ్యాయి. నవంబరు మధ్యలో ఇస్తాంబుల్ నుంచి షేఖుల్ ఇస్లాం జిహాద్ ఫత్వా వెలువడింది. ఆనాడు తుర్కీ సుల్తాను ఖలీఫా. అంటే మన సిపాయిలు ఓడ ఎక్కినప్పుడు లేని చిక్కు, కందకంలో ఉండగా వారి నెత్తిన పడింది.

హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ముస్లింలు బ్రిటిష్‌వారి పక్షానే ఉండాలని ప్రకటించారు. తమ అశ్వదళాన్ని ఈజిప్టుకు పంపారు కూడా. మరోవైపు మౌలానా ముహమ్మద్ అలీ, షౌకత్ అలీ సోదరులను 1915లో ప్రభుత్వం నిర్బంధంలో పెట్టింది. 1915 ఫిబ్రవరిలో సింగపూర్‌లో ముస్లిం సిపాయిల దళం తిరగబడింది. ఎందరినో గోడకు నిలబెట్టి కాల్చారు. జర్మన్లు తమ దగ్గర బందీలైన ముస్లిం సైనికుల మనసు మార్చడానికి బెర్లిన్ దగ్గరి శిబిరంలో మసీదు కట్టించారు. మీర్ మస్త్ అనే అఫ్రీదీ జమాదారు 1915 మార్చిలో తన మనుషులతో జర్మన్ల వైపు వెళ్లిపోయాడు. ఆయన అన్న మీర్ దస్త్ మరుసటి నెలలో, విషవాయువు కమ్ముకున్న ఈపర్ పొలాల్లో తోటివారిని మోసుకొచ్చి విక్టోరియా క్రాస్ పొందాడు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే కందకాల వరుస, రెండు దారులు. వీరిలో ఒకరిని ద్రోహి అనడానికీ, ఒకరిని బానిస అనడానికీ నాకు నోరు రాదు.

ఇక సామాన్య సిపాయి మనసులో ఏముందో తెలుసుకోవాలంటే వారి ఉత్తరాలే ఆధారం. రాయడం రానివాళ్లు రాయసకాడి చేత రాయించుకునేవారు. సైన్యం ఆ ఉత్తరాలను తెరిచి, అనువదించి, చదివి గాని పంపేది కాదు. ఆ అనువాదాలు ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో రాజు గురించి ఉన్న మాటలకన్నా ఎద్దుల గురించి, గట్టు తగాదాల గురించి, వాన పడిందా లేదా అన్న ఆరాల గురించి ఉన్న మాటలు సహజంగా ఉంటాయి. ఫ్రెంచి ఆడవాళ్లు ఒంటరిగా సేద్యం నడుపుకోవడం చూసి ఆశ్చర్యపోయి ఇంటికి రాసినవారున్నారు.

చదివేవాడికి అంతుపట్టకుండా కొందరు ఒక ఉపాయం పన్నారు. భారత సైనికులను 'నల్ల మిరియాలు' అని, తెల్లవారిని 'ఎర్ర మిరపకాయలు' అని రాసేవారు. నల్లవి అయిపోతున్నాయి, ఇక పంపవద్దు అన్న అర్థం వచ్చేలా ఊరికి సమాచారం పోయేది. చేర్చుకునేవారి వలలో పడవద్దని తమ్ముళ్లకు హెచ్చరిక అది. ఈ మాట చెప్పినప్పుడు మా రైతు సోదరుడు నవ్వలేదు. "మిరపకాయ లెక్కన తూచారన్న మాట మనుషుల్ని" అన్నాడు.

గాయపడినవారికి మాత్రం ఇంగ్లాండులో మంచి సేవే జరిగింది. బ్రైటన్ పట్టణంలో ఒక రాజభవనాన్నే ఆసుపత్రిగా మార్చి, హిందువులకూ ముస్లింలకూ వేర్వేరు వంటశాలలు, వేర్వేరు నీటి కుళాయిలు ఏర్పాటు చేశారు. నమాజు కోసం పచ్చికబయలులో చోటు కేటాయించారు. మరణించిన ముస్లిం సైనికులకు వోకింగ్ పట్టణంలో, 1889లో కట్టిన షాజహాన్ మసీదుకు దగ్గరగా ప్రత్యేకంగా ఖబరస్తాన్ కట్టారు. అది 1917లో పూర్తయింది. మన మయ్యితులకు అక్కడ గుసుల్ లేదు, జనాజా లేదు అని జర్మన్లు ప్రచారం చేస్తుండటంతో కట్టారన్నది నిజమే. 1968లో ఆ సమాధులను దగ్గర్లోని బ్రూక్‌వుడ్ శ్మశానానికి మార్చారు. ఉద్దేశం ఏదైనా, పరాయి నేలలో ఆ బిడ్డలకు జనాజా నమాజు దక్కింది.

తిరిగి పొలానికి

ఖుదాదాద్ ఖాన్ కోలుకొని, సైన్యంలోనే కొనసాగి, సుబేదారుగా విరమించాడు. వీరత్వం చూపిన సైనికులకు ప్రభుత్వం కాలువల కింద భూములిచ్చేది. ఆయన శేష జీవితం మండీ బహావుద్దీన్ వైపు గడిచింది. జీలం, చీనాబు నదుల మధ్య ఉన్న ప్రాంతం అది. కాలువల కింద కొత్తగా ఏర్పడిన ఊళ్లకు అక్కడ పేర్లుండవు, అంకెలుంటాయి. ఆ ఊళ్లలో ఒకటైన 'చక్ 25'లోనే ఇప్పుడు ఆయన సమాధి ఉంది. వానకోసం ఆకాశం చూసే ఊళ్లో పుట్టినవాడు కాలువ నీళ్లు పారే నేల మీద రైతుగా ముసలివాడయ్యాడు.

ఇక్కడ నాకు మన పల్నాడు గుర్తుకు రాక మానదు. ఆ యుద్ధం ముగిసిన మూడేళ్లకు, 1922 ఫిబ్రవరిలో, మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టనన్నందుకు అదే ప్రభుత్వపు తూటాలకు నేలకొరిగాడు. పశువులను అడవిలో మేపుకునే హక్కు అడిగాడంతే. ఒక రైతుకు కాలువ నీళ్లు, ఒక రైతుకు తుపాకి గుండ్లు. ఇద్దరికీ ఇచ్చిన చెయ్యి ఒకటే.

1947లో దేశం చీలినప్పుడు ఖుదాదాద్ ఖాన్ ఊరూ, పొలమూ సరిహద్దుకు అవతల పడ్డాయి. ఆయనతో పాటు అవే ఫ్రాన్సు కందకాల్లో తడిసిన గఢ్వాలీలు, సిక్కులు, డోగ్రాలు ఇవతల ఉండిపోయారు. 1956లో విక్టోరియా క్రాస్‌కు నూరేళ్లు నిండినప్పుడు లండన్ హైడ్ పార్కులో జరిగిన ఉత్సవానికి ఆయన వెళ్లాడు. రెండు దేశాలవారూ అక్కడ ఒకే వరుసలో నిలబడ్డారు. 1971 మార్చి 8న, ఎనభై రెండేళ్ల వయసులో ఖుదాదాద్ ఖాన్ కన్నుమూశాడు. ఆ ఏడాది చివరకు రెండు దేశాలు మళ్లీ యుద్ధంలోకి దిగాయి. అది ఆయన చూడలేదు.

నేను చెప్పడం ముగించాక రైతు సోదరుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగాడు.

"కాలువ కింద ఇచ్చిన ఆ నేలలో ఏం పండుతుంది మౌల్వీ సాబ్?"

"గోధుమ, చెరకు భాయ్."

"నీళ్లు ఏడాది పొడుగునా ఉంటాయేమో" అన్నాడు.

అగ్నివీర్ సంగతులు కూడా మాట్లాడుకున్నాం. 2022లో వచ్చిన ఆ పద్ధతిలో నాలుగేళ్లే కొలువు. చేరినవారిలో నాలుగోవంతు మందికి మించి కొనసాగించరు. భూమి ఇచ్చే మాట లేదు, పింఛను లేదు, చివర్లో ఒక మొత్తం చేతికిస్తారు. ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, నాలుగేళ్లకు పిల్లవాడి వయసు ఎంత. లెక్క తెగినట్లు కనబడలేదు.

మొన్న ఫజర్ నమాజుకు పోతూ చూశాను. ఇంకా మసక చీకటి. రోడ్డు పక్కన ఆ కుర్రవాడు పరుగెత్తుతున్నాడు. తండ్రి గట్టు మీద నిలబడి సెల్‌ఫోన్‌లో సమయం చూస్తున్నాడు. ఆయన పక్కన పొలానికి తీసుకుపోవలసిన పురుగుమందు డబ్బా ఉంది.